వాల్తేరులో రైలు దిగిన మౌలానా

"ఇస్లాంలో ఒక రామ్మోహన్ రాయ్, ఒక కందుకూరి ఎందుకు పుట్టలేదు?" ఈ ప్రశ్న మన ఆఫీసుల్లో కాఫీ మెషిన్ దగ్గర ఆర్నెల్లకోసారైనా వినపడుతుంది. ఎక్కడో బాంబు పేలినప్పుడో, ఏదో కోర్టు తీర్పు వచ్చినప్పుడో ఎవరో ఒకరు అడుగుతారు, మిగతావాళ్ళు తలూపుతారు, తర్వాత అందరం కప్పులు పడేసి మీటింగుకి వెళ్ళిపోతాం. అడిగినవాడు జవాబు కోసం అడగడు కాబట్టి ఎవరూ చెప్పరు కూడా. దీనికి జవాబు వెతకడానికి కైరోకో ఇస్తాంబుల్‌కో వెళ్ళక్కర్లేదని నా వాదన. వైజాగ్ స్టేషన్ దాకా వెళితే చాలు.

అరకు వెళ్ళేవాళ్ళు పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కే స్టేషనే. అప్పట్లో దాని పేరు వాల్తేరు. 1921 సెప్టెంబర్ 14న కలకత్తా నుంచి మద్రాసు వెళ్ళే రైలు అక్కడ ఆగింది. అందులో గాంధీ, మౌలానా మహమ్మద్ అలీ, ఆయన భార్య ఉన్నారు. స్టేషన్ బయట జనం పోగయ్యారు. రైలు ఆగే ఆ కాసేపట్లో వాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడదామని ఇద్దరూ బయటికి నడిచారు. కాస్త దూరం వెళ్ళారో లేదో, పోలీసులు మౌలానా చేతికి ఒక కాయితం ఇచ్చి, దాన్ని పూర్తిగా చదవనివ్వకుండానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్ళాడట. గాంధీ ఒక్కడే వెళ్ళి ఆ జనంతో మాట్లాడి, శాంతంగా ఉండమని చెప్పి, మళ్ళీ రైలెక్కాడు. భర్తని పట్టుకెళ్ళినా ఆవిడ వెనక్కి పోలేదు, గాంధీతో పాటే ప్రయాణం కొనసాగించింది. ఎనిమిది రోజుల తర్వాత మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టాడు. ఈ చివరిది మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. వాల్తేరు అరెస్టు సంగతి వైజాగ్ వాళ్ళలోనే ఎంతమందికి తెలుసో డౌటే.

గెడ్డం, నెలవంక ఉన్న టోపీ చూసి ఈ మహమ్మద్ అలీ ఎవరో మదరసా ముల్లా అనుకోకండి. 1878లో రాంపూర్‌లో పుట్టాడు. అలీగఢ్ కాలేజీలో చదివాడు. అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి చరిత్ర చదువుకున్నాడు. బరోడా సంస్థానంలో ఉద్యోగం చేశాడు. 1911లో కలకత్తా నుంచి 'కామ్రేడ్' అని ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టాడు. తెల్లదొరలు కూడా ఆ ఇంగ్లీషు కోసం చదివేవారని చెప్పుకునేవారు. అంటే మనలాంటివాడే, ఇంగ్లీషు చదువుతో పైకొచ్చినవాడు. ఖురాన్ని లోతుగా చదివే తీరిక ఆయనకి దొరికింది మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ప్రభుత్వం నిర్బంధంలో పెట్టాక. మతాన్ని మౌల్వీ దగ్గర కాకుండా ఒంటరిగా కూర్చుని పుస్తకంలోంచి చదువుకున్న మనిషి. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఆయన చదివిన అలీగఢ్ కాలేజీ కథ చెప్పకుండా ముందుకి వెళ్ళలేం. 1857 తర్వాత ఉత్తరాదిలో ముస్లిం పెద్ద కుటుంబాలు చితికిపోయాయి. కంపెనీ కోర్టుల్లో పనిచేసిన సయ్యద్ అహ్మద్ ఖాన్ (1817-1898) దానికి ఒక మందు కనిపెట్టాడు. సృష్టి దేవుడి పని, ఖురాన్ దేవుడి మాట, ఈ రెండూ ఒకదాన్నొకటి కాదనలేవు, కాదంటున్నట్టు కనిపిస్తే మనం మాటని తప్పుగా చదువుతున్నామని అర్థం. కాబట్టి పాత వ్యాఖ్యాతల వెనక గుడ్డిగా నడవడం మానేసి మూలాన్ని మళ్ళీ చదవాలన్నాడు. ఇలా సొంత బుద్ధితో మూలాన్ని విచారించడాన్ని వాళ్ళ పరిభాషలో ఇజ్తిహాద్ అంటారు. 1875లో అలీగఢ్‌లో కాలేజీకి ముందు మెట్టు వేశాడు. సైన్సు, ఇంగ్లీషు, పాంటూ బూటూ, అన్నీ రైటే అన్నాడు. అయితే రాజకీయాల జోలికి మాత్రం వెళ్ళొద్దు, బ్రిటిష్ వాళ్ళకి విధేయంగా ఉండండి, కాంగ్రెస్‌లో చేరకండి అని కూడా గట్టిగా చెప్పాడు. 1888లో దొరలు 'సర్' బిరుదు ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు లెండి :)

ఇక్కడ మన హైదరాబాద్ సీన్లోకి వస్తుంది. మొదటి సాలార్‌జంగ్ పరిపాలనని బాగుచేద్దామని ఉత్తరాది నుంచి చదువుకున్న ముస్లింలని పిలిపించుకున్నాడు. వాళ్ళలో చాలామంది సర్ సయ్యద్ మనుషులే. చిరాగ్ అలీ (1844-1895) వాళ్ళలో ఘనుడు. నిజాం కొలువులో రెవెన్యూ పని చేస్తూనే 1883లో, 1885లో ఇంగ్లీషులో రెండు పుస్తకాలు అచ్చేశాడు. ఇస్లాం ధర్మశాస్త్రం రాతిమీద చెక్కిన శాసనం కాదు, కాలాన్ని బట్టి మారుతుందని ఒకదాంట్లో, ప్రవక్త చేసిన యుద్ధాలన్నీ ఆత్మరక్షణ కోసమేనని ఇంకోదాంట్లో వాదించాడు. ఇవాళ టీవీ చర్చల్లో ఎవరన్నా ఈ మాటంటే "అబ్బో, ఎంత ధైర్యం" అంటాం. 140 ఏళ్ళ కింద మన హైదరాబాద్‌లో ఒక సర్కారీ ఉద్యోగి రాసి పడేశాడు. ఆ బ్యాచ్ రాజకీయంగా కూడా తక్కువ తినలేదు. 1906లో ముస్లింలకి ప్రత్యేక ప్రాతినిధ్యం కావాలని సిమ్లాలో వైస్రాయిని కలిసిన బృందం వెనక పనిచేసింది మొహసిన్-ఉల్-ముల్క్, వినతిపత్రం రాసిపెట్టింది సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ. ఇద్దరూ హైదరాబాద్ సర్వీసు చేసినవాళ్ళే. అన్నట్టు, ఈ ఉత్తరాది ఉద్యోగులంటే స్థానికులకి అస్సలు పడేది కాదు. ముల్కీ, నాన్‌ముల్కీ గొడవ 1952లో పుట్టిందనుకునేవాళ్ళు ఇంకో డెబ్భై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

సరిగ్గా అదే ఊళ్ళో, అదే రోజుల్లో ఇంకో మనిషి ఉన్నాడు. జమాలుద్దీన్ అఫ్ఘానీ. 1879లో ఈజిప్టు నుంచి గెంటేస్తే ఇండియాకి వచ్చి హైదరాబాద్‌లో దాదాపు రెండేళ్ళు గడిపాడు. బ్రిటిష్ వాళ్ళంటే ఒంటికాలిమీద లేచేవాడు. సర్ సయ్యద్ అనుచరుల్ని 'నేచరీలు' అని ఎద్దేవా చేస్తూ 1881లో అక్కడే ఒక పుస్తకం అచ్చువేయించాడు, పర్షియన్‌లో. దాన్ని తర్వాత ఈజిప్టు సంస్కర్త ముహమ్మద్ అబ్దూ అరబ్బీలోకి తెచ్చాడు. అంటే అరబ్బు దేశాల్లో ఆధునిక ఇస్లాం ఆలోచనకి మొదటి మెట్లలో ఒకటని చెప్పుకునే పుస్తకం మూసీ ఒడ్డున తయారైంది. తమాషా ఏమిటంటే, హైదరాబాద్‌లో నాస్తికుల మీద మతాన్ని వెనకేసుకొచ్చిన ఇదే అఫ్ఘానీ, 1883లో పారిస్‌లో రెనాన్‌కి జవాబిస్తూ మతాలన్నీ సైన్సుకి అడ్డం పడ్డాయని ఒప్పుకున్నాడు. ఆయనకి అసలు పేచీ సర్ సయ్యద్ మతంతో కాదు, సర్ సయ్యద్ రాజకీయాలతో.

మన భాషలో చెప్పాలంటే ఇది ఫోర్క్. సోర్సు ఒకటే. "పాత వ్యాఖ్యానాలొద్దు, నేరుగా మూలమే చదువుకుంటా" అనే పద్ధతీ ఒకటే. సర్ సయ్యద్ బిల్డ్ చేస్తే విధేయత వచ్చింది, అఫ్ఘానీ బిల్డ్ చేస్తే తిరుగుబాటు వచ్చింది. ఈ పోలిక ఇంతవరకే పనికొస్తుంది. మన దగ్గర బిల్డ్ ఫెయిలైతే ఐదు నిమిషాల్లో మెయిలొస్తుంది, అక్కడ తెలిసేసరికి రెండు తరాలు గడిచిపోతాయి.

మహమ్మద్ అలీ ఈ రెంటికీ వారసుడు. చదువు సర్ సయ్యద్‌ది, ఆవేశం అఫ్ఘానీది. ప్రపంచ ముస్లింలకి నామమాత్రపు పెద్ద ఖలీఫా, ఆ పదవి టర్కీ సుల్తాన్‌ది. యుద్ధంలో టర్కీ ఓడిపోయింది. గెలిచినవాళ్ళు ఆ రాజ్యాన్ని ముక్కలు చెయ్యబోతే, ఖలీఫాని కాపాడాలని ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం లేచింది. గాంధీ దాన్ని సహాయ నిరాకరణతో కలిపాడు. 1920 అక్టోబర్‌లో మహమ్మద్ అలీ తను చదివిన అలీగఢ్‌కే వెళ్ళి, సర్కారు గ్రాంటు తీసుకునే కాలేజీలో ఎలా చదువుతారని కుర్రాళ్ళని బయటికి లాగి, జామియా మిలియా పెట్టించాడు. దానికి శంకుస్థాపన చేసింది ఇంగ్లీషు చదువంటే గిట్టని దేవ్‌బంద్ మదరసా పెద్ద మహమూద్ హసన్. అలా బయటికొచ్చిన కుర్రాళ్ళలో హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ ఒకడు, 1967లో రాష్ట్రపతి అయ్యాడు.

వాల్తేరు అరెస్టుకి దారితీసింది 1921 జులైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ సభ. బ్రిటిష్ సైన్యంలో కొలువు చెయ్యడం ముస్లింకి మతరీత్యా నిషిద్ధం అని అక్కడ తీర్మానం చేశారు. ఏ మూలంలోంచి సర్ సయ్యద్ విధేయత తీశాడో అదే మూలంలోంచి ఆయన కాలేజీ స్టూడెంటు దీన్ని తీశాడన్నమాట. వాల్తేరులో పట్టుకున్న మౌలానాని ఆ తర్వాత కరాచీ తీసుకెళ్ళి కేసు నడిపారు. ముద్దాయిల్లో ఆయన అన్న షౌకత్ అలీ, దేవ్‌బంద్ పండితుడు హుస్సేన్ అహ్మద్ మదనీ, డాక్టర్ కిచ్లూ ఉన్నారు. ఇంకొకాయన పేరు వింటే ఆశ్చర్యపోతారు, శారదా పీఠం శంకరాచార్య భారతీ కృష్ణ తీర్థ! అవును, 'వేదిక్ మ్యాథమాటిక్స్' పుస్తకం ఆయన. ఖిలాఫత్ సభకి వెళ్ళి మాట్లాడినందుకు జైల్లో పెట్టారు. సన్యాసం తీసుకోకముందు కొన్నాళ్ళు రాజమండ్రి నేషనల్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా కూడా చేశాడు. ఆయన్ని కోర్టు వదిలేసింది, మిగతావాళ్ళకి రెండేళ్ళు పడింది. ఎంసెట్ కోచింగుల్లో ఆయన గుణకారం చిట్కాలు నేర్చుకున్నవాళ్ళు లక్షల్లో ఉంటారు, ఈ కేసు సంగతి ఒక్కళ్ళకైనా తెలుసా?

ఇంతవరకూ చదివి ఇదేదో హిందూ ముస్లిం భాయీ భాయీ కథ అనుకోవద్దు. వాల్తేరులో ఆగిన ఆ రైల్లో వాళ్ళిద్దరూ అసలు వెళ్ళాలనుకున్నది మలబార్‌కి. అక్కడ ఆగస్టు 20న మాప్పిళ్ళ తిరుగుబాటు మొదలైంది. జెన్మీల మీద కౌలురైతులకి తరాల నుంచీ ఉన్న కసికి ఖిలాఫత్ జెండా తోడైంది. హిందువుల హత్యలు జరిగాయి, బలవంతపు మతమార్పిడులు జరిగాయి. ప్రభుత్వం అణచివేత ఇంకా ఘోరం. నవంబర్‌లో ఖైదీల్ని గూడ్సు పెట్టెలో కుక్కి తీసుకెళితే 70 మంది దాకా ఊపిరాడక చచ్చిపోయారు. అంతకు ముందు ఏడాదే, కాఫిర్ల రాజ్యంలో ఉండకూడదని నాయకులు చెప్పిన మాట నమ్మి ఇళ్ళూ పొలాలూ అమ్ముకుని వేలమంది పేదలు ఆఫ్ఘనిస్తాన్ బయల్దేరారు. వాళ్ళు సరిహద్దు మూసేశారు. దారిలో ఎంతమంది పోయారో. ఖురాన్ని సొంతంగా చదువుకున్న పెద్దమనుషుల తీర్మానం కింద ఊళ్ళోకి దిగేసరికి ఇలా తయారైంది. మహమ్మద్ అలీ ధైర్యాన్ని నేను మెచ్చుకుంటాను, కానీ ఈ లెక్కలో ఆయన వాటా ఆయనకి వెయ్యాల్సిందే. మతం పేరు మీద జనాన్ని లేపడం నేర్చుకున్నవాళ్ళు, వాళ్ళని ఎక్కడ ఆపాలో ముందే ఆలోచించుకోలేదు.

మలబార్‌ని అణచడానికి 1921లో మలబార్ స్పెషల్ పోలీస్ అని ఒక దళం కట్టారు. మరుసటి ఏడాదే దాన్ని మన కొండల్లోకి దించారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద సీతారామరాజు దాడి చేశాడు. సెప్టెంబర్‌లో దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల ఆఫీసర్లు చచ్చాక మద్రాసు ప్రభుత్వానికి వణుకు పుట్టింది, మలబార్ దళాన్ని పిలిపించింది. అదీ చాలక తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చింది. ఖలీఫా పేరు మీద లేచిన మలబార్‌నీ, పోడు కోసం లేచిన గూడేన్నీ సర్కారు ఒకే ఫైల్లో పెట్టి చూసిందన్నమాట.

నిజానికి ఈ రెంటికీ సంబంధం చాలా తక్కువ. సీతారామరాజు మొదట్లో ఖద్దరు, సారా మానడం, పంచాయితీలు అంటూ సహాయ నిరాకరణ మాటలే చెప్పాడు. కానీ కొండ మనుషులకి కావలసింది వేరే. 1882 మద్రాసు అటవీ చట్టం వాళ్ళ పోడుని నేరం చేసింది. తాటికల్లు మీద పన్ను, ముఠాదార్ల హక్కులకి కోత, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మనుషుల్ని పశువుల్లా తోలడం, ఇవీ వాళ్ళ బాధలు. ఇవి కొత్తవేం కాదు, 1879లో రంప పితూరీ కూడా వీటికోసమే. అఫ్ఘానీ హైదరాబాద్‌లో అడుగుపెట్టిన సంవత్సరం అదే. ఆయన చెవిన ఈ కొండల కబురు పడి ఉంటుందనుకోను. సీతారామరాజు కథలో గట్టిగా కనిపించే ముస్లిం, ఖిలాఫత్ నాయకుడు కాదు. పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజులుల్లా ఖాన్, సర్కారు నౌకరు. రాజుకి పైడిపుట్టలో భూమి ఇప్పించినాయన.

మౌలానా 1923లో విడుదలయ్యాడు. ఆ డిసెంబర్‌లో కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షుడుగా వచ్చింది ఎక్కడికో తెలుసా? మన కాకినాడకే. టికెట్ లేదని నెహ్రూని ఎగ్జిబిషన్ గుమ్మంలో ఆపేసిన చిన్నపిల్ల దుర్గాబాయి కథ ఈ సభలోదే, అది మనం బాగానే చెప్పుకుంటాం. అధ్యక్షుడెవరో మర్చిపోతాం. ఆ రోజుకి కాకినాడ నుంచి నూరు కిలోమీటర్లు దాటని కొండల్లో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. ఆ ఏప్రిల్‌లో రాజు అన్నవరం దాకా వచ్చి వెళ్ళాడు కూడా. మౌలానా ప్రసంగం చాలా పొడుగు, సర్ సయ్యద్ దగ్గర్నుంచి ఖిలాఫత్ దాకా ముస్లిం రాజకీయాల చరిత్రంతా అందులో ఉంది. చదవదగ్గదే. అయితే అందులో ఒక చోట, అంటరాని కులాలవాళ్ళని తమలో కలుపుకునే పనిని హిందువులూ ముస్లింలూ ప్రాంతాలవారీగా పంచుకుంటే గొడవలుండవన్న సూచన ఒకటి ప్రస్తావించాడు, కొట్టిపారెయ్యకుండా. అంబేద్కర్ తర్వాత దీన్ని ఎత్తిచూపాడు. ఎందుకు చూపడు? మనుషుల్ని పొలం గట్టు వేసినట్టు పంచుకుందామంటున్నారు, ఆ మనుషుల్ని మాత్రం ఎవరూ అడగలేదు. కొండల్లో ఉన్నవాళ్ళయితే ఆ పంపకంలో లెక్కకే రాలేదు. ఈ విషయంలో అప్పటి హిందూ సంస్కర్తలు మెరుగని చెప్పలేను, శుద్ధి ఉద్యమం లెక్కా ఇలాంటిదే.

1924 మార్చి 3న టర్కీ పార్లమెంటు ఖలీఫా పదవినే రద్దు చేసేసింది. ఏ పదవి కోసం ఇక్కడ ఇంతమంది జైళ్ళకి వెళ్ళారో, అది అక్కడివాళ్ళకే అక్కర్లేకపోయింది. సరిగ్గా 65 రోజుల తర్వాత, మే 7న కొయ్యూరులో సీతారామరాజుని కాల్చేశారు. దిగిపోయిన ఖలీఫాకి నెలనెలా పెన్షన్ పంపింది మన నిజాం. 1931లో ఆయన కూతురు దుర్రుషెహవార్‌ని కోడలిగా తెచ్చుకున్నాడు, సంబంధం కుదిర్చింది షౌకత్ అలీ. పాతబస్తీలో ఆవిడ పేరు మీదున్న ఆస్పత్రి చాలామందికి తెలిసే ఉంటుంది.

ఖిలాఫత్ కూలిపోయాక దాంట్లో కలిసి నడిచినవాళ్ళు మళ్ళీ చీలిపోయారు. మౌలానా ఆజాద్ కాంగ్రెస్‌లోనే ఉండి చివరిదాకా దేశవిభజనని వ్యతిరేకించాడు. కరాచీ ముద్దాయి మదనీ, వేరు వేరు మతాలవాళ్ళు కలిసి ఒకే జాతిగా ఉండొచ్చని ఖురాన్ నుంచే రుజువు చేస్తూ 1938లో పుస్తకం రాశాడు. ఖిలాఫత్ రోజుల్లో కుర్రాడైన మౌదూదీ సరిగ్గా దీనికి ఎదురు తిరిగాడు. ఆయన పుట్టింది నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో. 1930ల్లో హైదరాబాద్‌లో కూర్చుని పత్రిక నడుపుతూ, రాజ్యమే ఇస్లామిక్ కావాలనే సిద్ధాంతం అల్లాడు. 1941లో లాహోర్‌లో జమాతే ఇస్లామీ పెట్టాడు. ఆయన కూడా ముల్లాల మీద విరుచుకుపడ్డవాడే, మూలాన్ని సొంతంగా చదివినవాడే. కాఫీ మెషిన్ దగ్గర అడిగే "ఇస్లాంకి సంస్కర్త కావాలి" అన్న మాటలో ఉన్న చిక్కు నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ నిర్వచనం ప్రకారం చిరాగ్ అలీ సంస్కర్తే, మౌదూదీ కూడా సంస్కర్తే. మనం అడుగుతున్నది సంస్కర్తని కాదేమో, మనకి ఇబ్బంది లేకుండా ఉండే ముస్లింనేమో. అది అడగడం తప్పని కాదు, కానీ రెండూ ఒకటి కావు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళూ అదే అడిగారు. సర్ సయ్యద్‌కి బిరుదిచ్చారు, ఆయన కాలేజీ కుర్రాణ్ణి వాల్తేరులో పట్టుకుపోయారు.

మహమ్మద్ అలీ తర్వాత్తర్వాత గాంధీకి దూరమై, 1931 జనవరిలో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి లండన్‌లోనే పోయాడు. జెరూసలేంలో పూడ్చారు. కొండల్లో రాజు అనుచరుడు గాం గంటందొరని 1924 జూన్‌లో చంపేశారు. తమ్ముడు మల్లుదొర ఏళ్ళ తరబడి జైల్లో మగ్గి బయటికొచ్చాడు. 1952లో మొదటి లోక్‌సభ కూర్చున్నప్పుడు మహమ్మద్ అలీ పుట్టిన రాంపూర్ నుంచి గెలిచి వచ్చినాయన విద్యామంత్రి ఆజాద్. విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా గెలిచి అదే సభలో కూర్చున్నాయన గాం మల్లుదొర.